వెలుగే ఔషధముగా : నీల్స్ ఫిన్సెన్ జీవితము

శ్రీకాకుళము పట్టణమును ఆనుకొని అరసవల్లి క్షేత్రము కలదు. ఖరగ్‌పూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పెక్కింటికి స్వస్థలము ఆ జిల్లాయో, దాని ఇరుగుపొరుగు జిల్లాలో అగుటచేత ఆ క్షేత్రమును గూర్చి ఇచ్చట విశేషించి చెప్పవలసిన పని లేదు. చర్మవ్యాధులు గలవారును, నేత్రరోగులును అచ్చటి సూర్యనారాయణస్వామికి మ్రొక్కుకొనుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. మయూరకవి సూర్యశతకము రచించి వ్యాధివిముక్తుడయ్యెనను గాథయు, కోణార్కమును గూర్చి చెప్పుకొను సాంబుని కథయు ఇట్టివే. ఈ విశ్వాసములను సమర్థించుటకు గాని ఖండించుటకు గాని నేను పూనుకొనలేదు. వెలుగునకును చర్మరోగమునకును గల సంబంధమును ప్రయోగములతో పరీక్షించి, మందులకు లొంగని ఒక ఘోరవ్యాధిని వెలుగుతోనే మాన్పిన వైద్యుడు ఒకడు కలడు. ఆయన సూర్యుని దర్శనమే అరుదైన దేశమున పుట్టుట మాత్రము వింతగా తోచును. ఆయన పేరు నీల్స్ ర్యూబెర్గ్ ఫిన్సెన్.

స్కాట్లండునకు ఉత్తరముగా, అట్లాంటిక్ సముద్రమధ్యమున ఫారో దీవులు కలవు. అవి డెన్మార్కు రాజ్యమునకు చెందినవి. అచ్చట శీతకాలమున పగలు అయిదారు గంటలకు మించదు; ఆ కొద్ది పగలును మంచు, మబ్బు, వాన కప్పివేయుచుండును. ఆ దీవుల ముఖ్యపట్టణమైన తోర్స్‌హావ్న్‌లో 1860వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన ఫిన్సెన్ జన్మించెను. తండ్రి హాన్నెస్ ఫిన్సెన్ ఐస్లాండు దేశపు ప్రాచీనవంశమునకు చెందినవాడు. ఆ దీవులకు పాలనాధికారిగా నుండెను. నాలుగేండ్ల ప్రాయముననే బాలునకు మాతృవియోగము కలిగెను. తండ్రి మరల వివాహము చేసికొనెను.

బాలుడు చదువులో రాణించెనని చెప్పుటకు వీలులేదు. డెన్మార్కులోని హెర్లుఫ్‌స్‌హోమ్ పాఠశాలకు పంపగా, అచ్చటి ప్రధానోపాధ్యాయుడు పిల్లవాడు మంచివాడే గాని తెలివియు చురుకును తక్కువయని తేల్చెను. పిదప తండ్రి చదివిన రేక్యవిక్ పాఠశాలకు మార్చిరి. 1882లో అచ్చటి పరీక్షలో పదునైదుగురిలో పదునొకండవ వాడుగా ఉత్తీర్ణుడయ్యెను. మన పిల్లల మార్కుల కాగితములు చూచి దిగులుపడు తలిదండ్రులు ఈ సంఖ్యను గుర్తుంచుకొనిన కొంత ఊరట పొందవచ్చును. ఆ సంవత్సరమే ఆయన కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యలో చేరి, 1890లో పట్టము పొంది, అచ్చటనే శరీరనిర్మాణశాస్త్ర విభాగమున శవవిచ్ఛేదనకు సహాయకుడుగా నియుక్తుడయ్యెను.

ఈ లోపల ఆయనకు వ్యాధి సోకెను. 1883 ప్రాంతమున మొదలైన ఆ రుగ్మత గుండెను, కాలేయమును, ప్లీహమును కప్పియుండు పొరలను క్రమముగా దళసరిగా చేయుచు వచ్చెను. కడుపులో నీరు చేరెడిది. సూదితో గ్రుచ్చి తీయించుకొనవలసివచ్చెడిది. అది మరల చేరెడిది. ఇరువదిమూడేండ్ల వయసున పట్టిన ఈ పీడ ఆయనను తుదిదాక విడువలేదు. ఆయన సాధించినదంతయు మంచమునకును, చక్రముల కుర్చీకిని, ప్రయోగశాలకును నడుమ సాధించినదే.

అయినను ఆ జబ్బే తనను వెలుగు వైపునకు త్రిప్పెనని ఆయన తరువాతి కాలమున చెప్పుకొనెను. విద్యార్థిగా ఆయన నివసించిన గది ఉత్తరముఖముగా నుండెను. ఎండ లోనికి రాదు. రక్తహీనతయు, నీరసమును ఆయనను బాధించెడివి. ఎండ తగిలినపుడు ప్రాణము లేచివచ్చినట్లుండెడిది. దీనికి కారణము మనస్సా, లేక శరీరమున నిజముగా జరుగు మార్పేదైన ఉన్నదా అను సందేహము ఆయనకు కలిగెను. కిటికీనుండి చూడగా ఒక పిల్లి ఇంటికప్పుపై ఎండ కాగుచు, నీడ జరిగివచ్చినపుడెల్ల తానును జరిగి ఎండలోనే కూర్చుండుట గమనించెనని జీవితకారులు వ్రాయుచున్నారు. పిల్లులు అట్లు చేయుట మనమందరమును చూచినదే. చూచి ఊరకుండుట మన పని. ఆయన మాత్రము ఊరకుండలేదు.

ఆయన తొలి ప్రయోగములు బడిపిల్లవాడును చేయగలిగినంత సులభములు. తన ముంజేతిపై సిరాతో ఒక పట్టీ పూసి, చేతిని తీవ్రమైన ఎండలో పెట్టెను. పిదప సిరా కడిగివేయగా, దాని క్రింది చర్మము తెల్లగానే యుండి, ఇరుప్రక్కల చర్మము ఎఱ్ఱగా కమిలియుండెను. వేడియే కారణమైన యెడల నల్లని సిరా క్రింద అధికముగా కమలవలసినది. కావున చర్మమును మార్చునది వేడి కాదు, వెలుగే. వెలుగులో సైతము ఎఱుపు కిరణములు కావు. వర్ణపటములో ఆవలి అంచున నున్న నీల, ఊదా కిరణములును, కంటికి కానరాని అతినీలలోహిత కిరణములును. వీనిని ఆనాడు రసాయన కిరణములని వ్యవహరించుచుండిరి. 1893లో ఆయన ఈ విషయమును గూర్చి తన మొదటి వ్యాసమును ప్రకటించెను. ఆ సంవత్సరమే ఉద్యోగమును వదలుకొని, విద్యార్థులకు పాఠములు చెప్పి జీవించుచు, పరిశోధనకు పూనుకొనెను. అంతకు కొలది మాసముల క్రిందట, 1892 డిసెంబరులో, ఇంగెబోర్గ్ బాల్స్‌లెవ్ అను యువతిని ఆయన వివాహమాడెను. రోగియు, ఉద్యోగము లేనివాడును అగు భర్తతో ఆమె ఆ సంసారమును ఎట్లు నడిపెనో చరిత్రకారులు అంతగా వ్రాయలేదు. వ్రాయవలసినది.

ఆయన వెలుగుతో మొదట చేసిన వైద్యము వెలుగును తొలగించుట. మశూచికము సోకిన రోగులను ఎఱ్ఱని తెరలు కట్టిన గదులలో ఉంచి, రసాయన కిరణములు తగులకుండ చేసిన యెడల, పొక్కులు చీము పట్టక, మచ్చలు మిగులక మానునని ఆయన ప్రతిపాదించెను. ఐరోపాలో మధ్యయుగముననే రోగిని ఎఱ్ఱని బట్టలతో కప్పు ఆచారము కలదు. మొదట అనుకూలమైన ఫలితములు వచ్చెనని వైద్యులు ప్రకటించిరి గాని, తరువాతి పరీక్షలకు ఆ పద్ధతి నిలువలేదు. మహనీయుల జీవితములు వ్రాయువారు ఇట్టివానిని దాటవేయుట కలదు; నా అభిప్రాయమున దాటవేయరాదు.

రెండవ ఆలోచన నిలిచినది. సూర్యరశ్మి సూక్ష్మక్రిములను చంపునని డౌన్స్, బ్లంట్ అను ఇరువురు ఆంగ్లేయులు 1877లోనే చూపియుండిరి. 1882లో రాబర్ట్ కాక్ క్షయవ్యాధి క్రిమిని కనుగొనెను. ఆ క్రిమి ఊపిరితిత్తులనే గాక చర్మమును సైతము తినివేయును. ఆ చర్మక్షయకు లూపస్ వల్గారిస్ అని పేరు. లూపస్ అనగా లాటిను భాషలో తోడేలు. ముక్కును, బుగ్గలను, పెదవులను కొఱికి తినుచున్నట్లు వ్రణములు వ్యాపించుటచేత ఆ పేరు వచ్చినది. ప్రాణము శీఘ్రముగా పోదు; ముఖము పోవును. అది హెచ్చుగా బీదవారికి, అందును స్త్రీలకు సోకెడిది. ముఖమున గుడ్డ కప్పుకొని, పనికి పోలేక, పెండ్లి లేక, ఇరుగుపొరుగు దరిజేరనీయక బ్రతుకు ఈడ్చువారు ఉత్తర ఐరోపా పట్టణములలో పెక్కండ్రు. కత్తితో గోకుట, నిప్పుతో కాల్చుట, ఆమ్లములు పూయుట, ఇవే ఆనాటి చికిత్సలు. వీనిచేత మచ్చలు మిగిలెడివి, వ్యాధి తిరిగి వచ్చెడిది.

క్రిమి చర్మపు లోపలి పొరలలో నుండును. వెలుగు అంతవరకు పోవునా? ఫిన్సెన్ చెవితమ్మె వెనుక, వెలుగు సోకిన నల్లబడు కాగితమును పెట్టి, ముందువైపునుండి నీలకిరణములను ప్రసరింపజేసెను. కాగితము నల్లబడలేదు. చెవితమ్మెను రెండు గాజుపలకల నడుమ అదిమి, రక్తమును తొలగించి మరల ప్రయత్నించెను. కాగితము వేగముగా నల్లబడెను. వెలుగును దారిలోనే మ్రింగివేయుచున్నది రక్తమని తేలెను. అందుచేత ఆయన క్వార్ట్జ్ స్ఫటికముతో చేసిన ఒక కటకమును రూపొందించెను. అది చర్మమును గట్టిగా అదిమి రక్తమును ప్రక్కకు నెట్టును. దాని నడుమ చల్లని నీరు ప్రవహించుచు వేడిని హరించును. చెవితమ్మెతో నేర్చిన పాఠము ఇట్లు చికిత్సాపరికరముగ మారెను.

కోపెన్‌హాగన్‌లో ఎండ చాలదు. కావున ఆయన ఆర్కు దీపమును ఆశ్రయించెను. రెండు బొగ్గుకడ్డీల కొనల నడుమ విద్యుత్తు దుమికినపుడు పుట్టు కన్నులు మిరుమిట్లు గొల్పు వెలుగు అది. మన ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపున వెల్డింగు చేయువారు నల్లద్దముల చాటునుండి చూచునదియు, పాతకాలపు సినిమాహాళ్ళలో తెరపై బొమ్మను నిలిపినదియు ఆ జాతి వెలుగే. 1895 నవంబరున నీల్స్ మోగెన్సెన్ అను ఇంజనీరు ఆయనను ఆశ్రయించెను. చర్మక్షయ ఆయన ముఖమును ఎన్నో ఏండ్లుగా పీడించుచుండెను; శస్త్రచికిత్సలు వమ్మయ్యెను. నగరపు విద్యుత్ కేంద్రములో ఒక మూల ఆర్కు దీపమును నిలిపి, ఫిన్సెన్ ప్రతిదినమును ఆ వ్రణములపై వెలుగును కేంద్రీకరించెను. కొలది దినములలోనే వ్రణము ఎండుట మొదలిడెను. కొలది మాసములలో మానెను.

మరుసటి సంవత్సరము, 1896లో, హాగెమాన్, యోర్గెన్సెన్ అను ఇరువురు దాతల తోడ్పాటుతో ఫిన్సెన్ వైద్యజ్యోతిస్సంస్థ వెలసెను. మొదట అది నగర వైద్యశాల ఆవరణలోని చిన్న కట్టడమే. ఎండ కాసిన దినములలో రోగులను తోటలో పడుకొనబెట్టి, నీలిరంగు నీరు నింపిన పెద్ద కటకములగుండ సూర్యరశ్మిని వారి ముఖములపై పడనిచ్చెడివారు. ఎండ లేనపుడు లోపల ఆర్కు దీపము. ఒక దీపమునుండి నలువైపులకు నాలుగు గొట్టములు. ఒక్కొక్క గొట్టము క్రింద ఒక్కొక్క రోగి. ఒక్కొక్క రోగి ప్రక్కన ఒక్కొక్క నర్సు. ఆమె కటకమును వ్రణముపై అదిమిపట్టి ఒక గంటకాలము కదలక కూర్చుండవలెను. ఒక గంటకు మానునది రూపాయిబిళ్ళ యంత మేర కూడ కాదు. మరునాడు ప్రక్కనున్న మేర. ఇట్లు మాసములు, ఒక్కొక్కరికి సంవత్సరములు. ఈ చికిత్స ఘనత ఫిన్సెన్‌దని లోకము చెప్పుచున్నది గాని, అందులో సగము ఆ నర్సుల చేతులదని నాకు తోచును.

ఆయన తన లెక్కలను దాచలేదు. మానినవారెందరు, మానక మిగిలినవారెందరు, వ్యాధి తిరిగివచ్చినవారెందరు అను వివరములను ప్రకటించెను. తొలి అయిదారేండ్లలో ఎనిమిది వందలకు పైగా చర్మక్షయ రోగులు ఆ సంస్థకు వచ్చిరి. వారిలో అధికసంఖ్యాకులు స్వస్థులైరి, లేక గుర్తింపదగిన మేలు పొందిరి. చికిత్సకు ముందును తరువాతను తీసిన ఛాయాచిత్రములు ఐరోపా యంతట ప్రచారమయ్యెను. డెన్మార్కు రాజకుమారియై ఆంగ్లరాజకుటుంబమున కోడలుగా అడుగిడిన అలెగ్జాండ్రా 1900లో లండన్ హాస్పిటల్‌కు ఫిన్సెన్ దీపమును తెప్పించెను. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఖరగ్‌పూరును నెలకొల్పుచున్న సంవత్సరములును సరిగా అవియే.

రోగుల ముఖములు మానుచుండగా వైద్యుని శరీరము క్షీణించుచుండెను. చివరి సంవత్సరములలో ఆయన చక్రముల కుర్చీనుండి కదలలేదు. అయినను తన జబ్బునే ఒక పరిశోధనగా మార్చుకొనెను. తాను తిను ఆహారమును, త్రాగు నీటిని, ఉప్పును తూచి, కొలిచి వ్రాసియుంచెను. ఉప్పు తగ్గించినపుడు ఒంటినీరు తగ్గుట గమనించి, శరీరమున ఉప్పు నిలువచేరుటను గూర్చి 1904లో ఒక వ్యాసము ప్రకటించెను. నీరు పట్టిన రోగులకు ఉప్పు తగ్గింపుమని నేటి వైద్యులును చెప్పుచున్నారు.

1903లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమతి ఫిన్సెన్‌కు లభించెను. ఆ ఏడు భౌతికశాస్త్ర బహుమతిని పొందినవారు బెకెరెల్, క్యూరీ దంపతులు. డెన్మార్కు దేశీయునకు లభించిన మొదటి నోబెల్ బహుమతి ఇది. ఆయన స్టాక్‌హోమ్‌కు ప్రయాణము చేయగల స్థితిలో లేడు. బహుమతి ధనములో గణనీయమైన భాగమును సంస్థకు ఇచ్చివేసెను. 1904 సెప్టెంబరు 24వ తేదీన, నలుబదినాలుగేండ్లయినను నిండకమునుపే, కోపెన్‌హాగన్‌లో కన్నుమూసెను. ఆయన స్మారకముగా 1909లో ఆ నగరమున ఒక శిల్పము నెలకొల్పబడినది. వెలుగువైపునకు చేతులు చాచి లేచుచున్న నగ్నమానవుల రూపములవి. అందు ఫిన్సెన్ ముఖము కానరాదు.

వ్యక్తి జీవితము ఇంతటితో ముగిసెను గాని, చికిత్స కథ ముగియలేదు. దాదాపు నలుబదియేండ్లు ఫిన్సెన్ దీపములు వెలిగెను. పిదప 1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చెను. సూదితోను, మాత్రతోను చర్మక్షయ మానుచుండగా, గంటలకొలది దీపము క్రింద కూర్చుండువారెవరు? ఆ యుగమున మన తెలుగువాడు యెల్లాప్రగడ సుబ్బారావు పాత్ర కూడ కలదు. భీమవరమున పుట్టి, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు నాయకత్వము వహించిన ఆయన మరణించిన 1948లోనే, ఆ ప్రయోగశాలలనుండి ఆరియోమైసిన్ వెలువడెను. సూక్ష్మక్రిములపై మానవుని విజయము పూర్తియైనదని ఆ దినములలో పలువురు తలంచిరి. ఫిన్సెన్ దీపములు వస్తుప్రదర్శనశాలలకు చేరెను.

క్రిములు మాత్రము ఓటమిని అంగీకరింపలేదు. పెనిసిలిన్ వాడుకలోనికి వచ్చిన కొలది సంవత్సరములకే దానికి లొంగని క్రిములు బయలుదేరెను. దానికి బదులుగా తెచ్చిన మెథిసిలిన్‌కు సైతము లొంగని స్టాఫిలోకాకస్ 1961లో ఇంగ్లండున కనబడెను. ముఖ్యమైన రెండు మందులకును లొంగని క్షయరోగము నేడు మన దేశముననే హెచ్చు. మందులకు లొంగని క్రిములే కారణముగా 2019లో ప్రపంచమున సుమారు 12.7 లక్షల మంది మరణించిరని ఒక అంతర్జాతీయ పరిశీలన లెక్కకట్టెను. వైద్యుడు వ్రాసిన మాత్రలను జ్వరము తగ్గగానే నడుమ మానివేసి, మిగిలినవానిని అలమారులో దాచి, తరువాత ఇంటిలో మరియొకరికి ఇచ్చు అలవాటు మనలో ఎన్ని ఇండ్లలో లేదు? ఆ సంఖ్య వెనుక ఆ అలమారులును ఉన్నవి.

ఇట్టి స్థితిలో వైద్యులు మరల వెలుగువైపు చూచిరి. దానికి ఆధారము ఫిన్సెన్ జీవించియుండగనే మ్యూనిక్ నగరమున దొరకియుండెను. ఆస్కార్ రాబ్ అను విద్యార్థి అక్రిడిన్ అను రంగుమందు కలిపిన నీటిలో సూక్ష్మజీవులు చీకటిలో బ్రతుకుటయు, వెలుగు సోకినపుడు చచ్చుటయు గమనించి, 1900లో ప్రకటించెను. రంగుమందు వెలుగును పీల్చి, ఆ శక్తిని చుట్టునున్న ప్రాణవాయువునకు అందించును. అట్లు ఉద్రిక్తమైన ప్రాణవాయువు క్రిమియొక్క పొరను, మాంసకృత్తులను, జన్యుపదార్థమును ఒక్కసారిగా దహించును. మాత్రలలోని మందు సాధారణముగా క్రిమిలో ఒకానొక భాగమును మాత్రమే దెబ్బతీయును. ఆ భాగమును మార్చుకొనిన క్రిమి తప్పించుకొనును. అన్నివైపులనుండి దహించుదానిని తప్పించుకొనుట దానికి కష్టము. మందులకు లొంగని క్రిమియు లొంగుదానివలెనే వెలుగునకు లోనగుచుండుట ప్రయోగశాలలలో కనబడినది. అయితే వెలుగు కండలోనికి దూరము చొరదు. పుండ్లు, చిగుళ్ళు, ముక్కుపుటములవంటి వెలుగు సోకగల చోట్లకే ఈ పద్ధతి పనికివచ్చును. నెత్తురులో వ్యాపించిన వ్యాధికి నేటికిని మందులే శరణ్యము.

ఫిన్సెన్ దీపము నిజముగా ఎట్లు పనిచేసెనను ప్రశ్నకు సమాధానము 2005వ సంవత్సరమునగాని రాలేదు. అతినీలలోహిత కిరణములే క్రిమిని చంపెనని శతాబ్దకాలము అందరును నమ్మిరి. ఆ సంవత్సరమున కోపెన్‌హాగన్ పరిశోధకులు పాత కటకములను, వడపోత ద్రవములను పరీక్షించి చూడగా, అవి 340 నానోమీటర్లకు తక్కువైన కిరణములను అడ్డగించుచున్నవని తేలెను. ముఖ్యకారణమని నమ్మిన కిరణములు రోగి చర్మమును చేరనే లేదన్నమాట! మరి క్రిమిని చంపినదెవరు? క్షయక్రిమి తనలో తానే పార్ఫిరిన్ జాతి రంగుపదార్థమును తయారుచేసికొనుచున్నదనియు, 400 నానోమీటర్ల ప్రాంతపు నీలలోహిత కాంతి దానిని ఉద్రేకింపజేసి, ప్రాణవాయువును క్రిమిపైనే త్రిప్పియుండుననియు వారు నిర్ణయించిరి. రాబ్ వెలుపలినుండి కలిపిన రంగు క్షయక్రిమిలో పుట్టుకతోనే కలదు. ఫిన్సెన్ కారణమును పొరపాటుగా ఊహించెను. చికిత్సను మాత్రము రోగి ముఖమును చూచి, దినదినమును సరిదిద్దుకొనుచు వచ్చెను.

ఆయన వెలుగును వడగట్టుటకు వాడిన ద్రవములలో మెథిలీన్ బ్లూ ఒకటి. కెనడాలోని వాంకూవర్ జనరల్ హాస్పిటల్‌లో, పెద్ద శస్త్రచికిత్సలకు పోవు రోగుల ముక్కుపుటములలో ఆ నీలిరంగునే పూసి, కొలది నిమిషములు ఎఱ్ఱని వెలుగు ప్రసరింపజేసి, అందు దాగియున్న స్టాఫిలోకాకస్ క్రిములను శస్త్రచికిత్సకు ముందే నశింపజేయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. దానితోబాటు రోగుల శరీరమును క్రిమిసంహారక ద్రవముతో తుడిచిరి. శస్త్రచికిత్సానంతరము పుండ్లు చీముపట్టుట దానివలన తగ్గినదని అచ్చటి వైద్యులు 2014లో ప్రకటించిరి.